పొడికి అంటు లేదు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది పూలమ్మే ఆమె. ఆదోనిలో మా వీధి చివర పిల్లల డాక్టరు మెట్ల పక్కన బుట్ట పెట్టుకుని కూర్చుంటుంది. ఏ ఇంటి బిడ్డకు ఏం జబ్బు చేసినా ముందు తెలిసేది ఆమెకు, ఆ తర్వాతే డాక్టరుకు. ఆ పొద్దు నేను దీపం వెలిగించి, ఇంకా మల్లెలు రాలేదని లోలోపల విసుక్కుంటూ గంట ఊపుతున్నాను. ఆమె వచ్చింది గాని చేతిలో పూలు లేవు.

"యమ్మా, మీ అబ్బోడు పాపను ఎత్తుకోని డాక్టరు కాడికి ఉరికినాడు. పాప మొకం ఉబ్బి కండ్లు మూసుకపోయినాయి. నువ్వు ఈడ గంట కొట్టుకుంటా కూసున్నావా? పోమ్మా ముందు!"

చెప్పులు లేకుండా పరిగెత్తాను. నేను చేరేసరికి పాప తొడకు సూది వేసేశారు. ఊపిరి ఈల వేసినట్టు వస్తోంది, కానీ వస్తోంది. డాక్టరు ఆ రోజు ఊళ్ళో ఉన్నందుకు, మందు ఆయన బీరువాలో ఉన్నందుకు, పూలామెకు నా పూజ కంటే పాప ఎక్కువని తోచినందుకు, నేను ఇప్పటికీ రోజూ దండం పెట్టుకుంటాను. ఎవరెవరికో ఒకేసారి పెట్టే దండం అది. పంచుకునే పని పైవాడిదే.

జరిగింది చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. మా ఆయనది మార్కెట్ యార్డులో శనక్కాయల వ్యాపారం. మా మామగారిదీ అదే. మా మిద్దె, మా పిల్లల చదువులు, నా మెడలోని గొలుసు, అన్నీ శనక్కాయ చలవే. సరుకు మంచిదో కాదో చూడటానికి మా ఆయన గింజలు జేబులో వేసుకుని తిరుగుతారు. మచ్చు అంటారు దాన్ని. ఆ పొద్దు మచ్చులోంచి నాలుగు గింజలు తీసి, బెల్లంతో మెత్తగా నూరి, మూడేళ్ళు నిండని మనవరాలి నాలుక మీద ఆయనే స్వయంగా పెట్టారు. ఆ ఏడు యార్డుకు అంత మంచి గింజ మళ్ళీ రాలేదని ఆయన ఇప్పటికీ అంటారు.

అంతకు ముందు ఇడ్లీతో శనక్కాయల చట్నీ పెడితే పాప ఉమ్మేసేది. మూతి చుట్టూ ఎర్రబడేది. "అప్పుడే రుచులు ఎంచుతాంది మా రాణెమ్మ" అని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాము. అది తనకు పడదన్న సంగతి ఇంట్లో తెలిసింది ఆ పిల్ల ఒక్కదానికే. దానికి మాటలు ఇంకా సరిగ్గా రావు. మాటలొచ్చిన మేమంతా దాన్ని మొండిదన్నాము.

డాక్టరు నిదానంగా చెప్పాడు. ఈ పిల్లకు శనక్కాయ పడదు. ఆవగింజంత కూడా. గానుగ నూనె వద్దు. అది తగిలిన గరిటె వద్దు. ఏ ప్యాకెట్టు కొన్నా వెనక చదవండి.

మా ఆయన శ్రద్ధగా విని అడిగారు. "ఏ రకం పడదంటారు సార్? కొత్త వంగడమా, పాతదా? మందు కొట్టిన పంట అయ్యుంటాది. మంచిది తెప్పిస్తా."

"ఏ రకమూ పడదు."

"మన సరుకే మన పిల్లకు పడదా!" అన్నారు మా ఆయన బయటికొచ్చాక. పాపను భుజానికి గట్టిగా హత్తుకున్నారు. గొంతులో మాత్రం సరుకు వెనక్కి తిప్పి పంపినప్పటి రోషం.

అప్పటి నుంచి నాకు కొత్త పారాయణం మొదలైంది. నేను బడికి పోలేదు. పళ్ళెంలో బియ్యం పోసి మా అమ్మ వేలితో దిద్దించింది. స్తోత్రాలు చదువుకోగలిగితే చాలు అన్నంత వరకే చదువు. ఇంగ్లీషు అక్షరాలు మా అబ్బాయి నేర్చుకుంటుంటే పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను. ఆ చదువుతో, పూజ గదిలో ఉండే భూతద్దంతో, రోజూ బిస్కెట్ల వెనక చదివేదాన్ని. స్తోత్రం చివర ఫలశ్రుతి ఉన్నట్టే ప్యాకెట్టు చివర కూడా ఒక ముక్క ఉంటుంది, దీన్ని తింటే ఏమవుతుందో చెప్పేది. ఇందులో గోధుమ ఉంది, పాలు ఉన్నాయి, శనక్కాయ ఉండవచ్చు, అని. ఆ "ఉండవచ్చు" దగ్గర నేను చాలాసేపు ఆగేదాన్ని. దేవుడు ఉన్నాడని నమ్మి బతికినదాన్ని. "ఉండవచ్చు" అన్నదాన్ని నమ్ముకుని పిల్లకు ఎట్లా పెట్టాలో నాకెవరూ నేర్పలేదు.

అయినా వెనక అంటూ ఉన్నవి నయం. మన ఊళ్ళల్లో తినేవాటికి వెనక ఎక్కడిది? బొరుగులతో చేసే ఉగ్గానికి వెనక లేదు. మిరపకాయ బజ్జీకి లేదు. బేకరీలో అద్దాల పెట్టెలో పోసిన మిక్చరుకైతే ముందూ లేదు, వెనకా లేదు. ఒకసారి అడిగాను.

"అన్నా, దీంట్లో శనక్కాయలు ఉండాయా?"

"ఉండాయమ్మా! బాగా దండిగా ఏసినాము."

"అయితే వద్దులే."

అతను నా మొహం చూసి జాలిపడ్డాడు. "ఏరేసి ఇస్తా లేమ్మా, ఉండు."

మంచి మనిషి. నిజంగానే కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు.

ఇక మా వదిన సంగతి. మా ఆయనకు అక్క. ఎమ్మిగనూరులో ఉంటుంది. కంది పొడి, పప్పుల పొడి, నువ్వుల పొడి, శనక్కాయల పొడి చేసి, కవర్లలో కట్టి అంగళ్ళకు వేస్తుంది. మంత్రాలయం పోయే యాత్రికులు కూడా బస్సు దిగి ఆమె పొడి కొనుక్కుపోతారు. కవరు మీద స్వామి బొమ్మ, దాని కింద "స్వచ్ఛమైనది" అన్న మాట. ఆ మాట ఆమెకు తగినదే. ఆమె వంటింట్లో అంటు పాటించినంత నిష్ఠగా ఇంకెవరూ పాటించగా నేను చూడలేదు.

ఈ కాలపు పిల్లలకు అంటు అంటే తెలియకపోవచ్చు. అన్నం గిన్నె ముట్టిన చేత్తో ఉప్పు జాడీ ముట్టకూడదు. మధ్యలో చెయ్యి కడగాలి. పెరుగు ముట్టి నెయ్యి ముట్టకూడదు. మధ్యలో చెయ్యి కడగాలి. నీళ్ళతో ఉడికినదానికి అంటు ఉంది. వేయించినదానికి, పొడిగా ఉన్నదానికి లేదు. కొత్త కోడలిగా కొన్నాళ్ళు ఆమె దగ్గర ఉన్నప్పుడు నా చేతులు ఆరిన రోజు లేదు. ఎందుకని అడిగితే "అడగనోళ్ళ చేతులే శుభ్రంగా ఉంటాయి మే" అనేది.

పాపకు నాలుగేళ్ళు నిండాక ఒక గురువారం మేమంతా మంత్రాలయం పోయి, వచ్చేటప్పుడు వదిన ఇంట్లో భోజనానికి ఆగాము. పాప సంగతి ఆమెకు ముందే చెప్పాము. అలర్జీ అన్న మాట ఆమె నమ్మలేదు. దిష్టి అంది. అయినా పిల్ల కోసం కొత్త గిన్నె కొంది, కొత్త గరిటె కొంది, వేరే నూనె తెప్పించింది. పొడులు చేసే గదికి గొళ్ళెం పెట్టింది. నా కోడలు వంటింట్లోకి తొంగి చూసి తృప్తిపడింది. నేనూ తృప్తిపడ్డాను.

వదిన పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అన్నం, పప్పు, నెయ్యి కలిపి ముద్దలు పెట్టింది. కాసేపటికి పాప మెడ గోక్కుంది.

"అవ్వా, గొంతులో గుచ్చుకుంటాంది."

"ముల్లు లేదు నాయనా, పప్పే."

తర్వాతి ముద్ద పాప నోటి దాకా పోలేదు. పెదవులు లావెక్కుతున్నాయి. నా కొడుకు ఒక్క అంగలో వచ్చి పిల్లను లాక్కుని బయటికి పరిగెత్తాడు. ఆస్పత్రి అదే వీధిలో ఉంది. ఆ వీధిలో ఇల్లు కట్టుకోవాలని ఎప్పుడో ఎవరికి తోచిందో, వాళ్ళకు కూడా నా దండంలో భాగం ఉంది.

సూది వేశాక నర్సమ్మ వరండాలోకి వచ్చి అడిగింది. "పాపేం తినింది?"

"అన్నం, పప్పు, నెయ్యి" అంది వదిన. "శనక్కాయ పేరు కూడా ఎత్తలేదు ఆ ఇంట్లో."

"కలిపింది ఎవరు? చెయ్యి కడుక్కోని కలిపినారా?"

వదిన నిటారుగా నిలబడింది. "నన్నా అడిగేది? ఎమ్మిగనూరులో చెయ్యి కడగడం నేర్పిందే నేను! అన్నం గిన్నె ముట్టి కడిగినా. పప్పు గిన్నె ముట్టి కడిగినా. నెయ్యి తీసినాక కడిగినా. అంతలో ఎవురో పొడి కావాలని వాకిట్లోకి వచ్చిరి. గొళ్ళెం తీసి ఇచ్చి పంపినా. వచ్చి..."

ఆగిపోయింది. కుడి చెయ్యి తిప్పి చూసుకుంది.

"ఏం పొడమ్మా?" అంది నర్సమ్మ.

వదిన ఆమెను వదిలి నా వైపు తిరిగింది. "కొంగుకు తుడుచుకున్నా మే" అంది. "పొడికి అంటు లేదు గదా."

అంతటి నిష్ఠలో ఉన్న ఒకే ఒక్క సందు అది. ప్రమాదం సరిగ్గా అందులోంచే వచ్చింది. తడి చేతిని అనుమానించడం నేర్చుకున్న మేము పొడి చేతిని తరతరాలుగా నమ్మేశాము. ఇంకెవరి ఇంట్లోనైనా చెయ్యి అసలే కడగకపోవడం వల్ల జరిగేది. మా ఇంట్లో అన్నిసార్లు కడిగినా జరిగింది.

సాయంత్రానికి పాప కళ్ళు తెరిచింది. "అవ్వా, ఇంగ పప్పు లేదా?" అంది. మేమంతా నవ్వి ఏడ్చాము. వదిన మాత్రం ఆ గదిలోకి రాలేదు. గుమ్మం బయటే నిలబడి రెండు మాటలు అంది. "ఇయ్యాల్టి నుంచి శనక్కాయ అంటు" అన్నది ఒకటి. "ఈ చేత్తో నేను దానికి ముద్ద పెట్టను" అన్నది ఇంకొకటి. డాక్టర్లు గరిటెలని, గిన్నెలని, ఆవగింజలని ఎంత చెప్పినా మా బంధువులకు ఎక్కనిది ఆ మొదటి మాటతో ఒక్కసారిగా ఎక్కింది. అలర్జీ అంటే ఎవరికీ అర్థం కాలేదు. అంటు అంటే అందరికీ అర్థమైంది.

ఆ తర్వాత మా ఇల్లు చూడాలి. మా ఆయన యార్డు నుంచి వస్తూనే గేటు దగ్గర జేబులు దులిపి, చావింటికి పోయొచ్చినట్టు పెరటి దారిన పోయి తలస్నానం చేసి, అప్పుడే మనవరాలిని ఎత్తుకునేవారు. "మా నాయన కాలం నుంచి అన్నం పెట్టినదాన్ని గేటు బయట పెట్టిస్తిరి గదా" అని గొణిగేవారు. గొణుగుతూనే స్నానం చేసేవారు. వదిన దగ్గర వ్రతం చేయించడానికి వచ్చిన పంతులుగారు శనక్కాయకు అంటు శాస్త్రంలో ఎక్కడుందని అడిగారట. "మొన్న చేరింది సామీ. మీకింకా రాలేదా?" అందట వదిన. ఆ అంటు నియమం మనుషుల మీద పడినప్పుడు దాని వల్ల మంచి జరగగా నేను ఎప్పుడూ చూడలేదు. గింజ మీద పడినప్పుడు మాత్రం ఒక ప్రాణం నిలబడింది.

కొన్నాళ్ళకు వదిన ఆదోనికి వచ్చి నన్ను వెంటబెట్టుకుని కవర్లు అచ్చువేసే అతని దగ్గరికి పోయింది.

"అప్పా, దీని మీద ఇంగో మాట ఎక్కాల. శనక్కాయలు ఏంచే ఇంట్లో, అదే చేతుల్తో చేసింది, పడనోళ్ళు తినొద్దు అని."

"జాగా యాడుంది పెద్దమ్మా? పైనంతా సామే ఉండాడు."

"సామిని జరుపు."

అతను భయంగా నన్ను చూశాడు. నేను కూడా భయంగానే ఉన్నాను.

"పోనీ, 'స్వచ్ఛమైనది' తీసేద్దామా?" అన్నాడు.

"అదీ తియ్యి. ఎవురికి స్వచ్ఛం? మా పిల్లకు కాదే."

"ఒక పని చేస్తా. చిన్నక్షరాల్లో మూలకు ఏస్తా. రాసినట్టూ ఉంటాది, కనపడనట్టూ ఉంటాది. అందరూ అట్లే ఏపిస్తారు."

"కనపడకుండా రాపిచ్చుకునేదానికి ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి రావాల్నా నేను? ఇదో, మా మరదలు. భూతద్దం పెట్టుకోని సదువుతుంది పాపం. ఈమె అద్దం లేకుండా సదివేటట్ల ఏయి."

"అట్ల రాస్తే ఎవురు కొంటారు పెద్దమ్మా?"

"పడనోళ్ళు కొనరు, బతుకుతారు. పడేవాళ్ళు కొంటారు, తింటారు. ఇద్దరూ మనకు కావాల్సినోళ్ళే గదప్పా."

చివరికి స్వామి బొమ్మే తీసేశారు. తిని పారేసే కవరు మీద వేసి ఇన్నేళ్ళుగా ఆయన్ని చెత్తకుప్పలకు పంపుతున్నామని అప్పుడే మా ఇద్దరికీ తట్టింది. బస్టాండుకు నడిచిపోతూ ఇద్దరం లెంపలు వేసుకున్నాము. ఆ మాట రాయకపోతే ఆయనకు ఆ విముక్తి దొరికేది కాదు.

అమ్మకాలు పడిపోతాయని మా ఆయన బెంగపడ్డారు. ఒక అంగడాయన ఆ రాత కనపడకుండా కవర్లు వెనక్కి తిప్పి పేర్చాడు. అది తెలిసి వదిన మరుసటి సారి రెండు వైపులా అచ్చు వేయించింది. కొన్నవాళ్ళు మాత్రం మేము అనుకోని దారి పట్టారు. ఒకామె కంది పొడి కవరు పట్టుకుని ఇంటికే వచ్చింది.

"ఏందమ్మా ఇది? శనక్కాయలని ఇంత లావున రాసినావు. తింటే ఒక్క గింజన్నా తగల్లేదు. మోసం గదా?"

వదిన ఆమెను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, ఆ రాత ఎందుకో మొదటి నుంచి చెప్పింది. అంతా విని ఆమె కళ్ళు తుడుచుకుంది. పోతూ పోతూ శనక్కాయల పొడి కొనుక్కుపోయింది.

ఇదంతా జరుగుతున్నా వదిన రెండో మాట మీద కూడా అట్లాగే నిలబడింది. మేము ఎప్పుడు పోయినా పాపకు ముద్ద కలిపేది నేనో, నా కోడలో. వదిన అవతల గోడకు ఆనుకుని చూసేది. పాప పిలిచినా వచ్చేది కాదు. "నా చెయ్యి మంచిది కాదు నాయనా" అనేది. ఆమె వంట తిని పెరిగిన వాళ్ళు ఆ వీధిలో ఎంతమందో. ఆ చెయ్యి మీద ఆమెకు మాత్రం నమ్మకం పోయింది.

పాప ఇప్పుడు చదువుకుంటోంది. కనపడిన ప్రతి బోర్డూ పైకి చదువుతుంది. మొన్న దసరా సెలవుల్లో వదిన ఇంట్లో బంధువులంతా భోజనాలకు కూర్చున్నప్పుడు, వదిన తోడికోడలు ఇంకో కవరు విప్పి పాప విస్తట్లో నువ్వుల పొడి వేయబోయింది. కోడలూ నేనూ వడ్డనలో ఉన్నాము. నేను చూసి నోరు తెరిచేలోగా పాప విస్తరికి చెయ్యి అడ్డం పెట్టింది. ఇంకో చేత్తో ఆ కవరు తీసుకుంది. వేలు కింద పెట్టుకుంటూ పైకి చదివింది.

"శ-న-క్కా-య-లు వే-యిం-చే ఇం-ట్లో..." చివరి దాకా చదివి కవరు దూరంగా జరిపింది. "ఇది నాకొద్దు."

"అయ్యో! మీ అవ్వ చేత్తో చేసింది వద్దంటావా? ఏం పెంపకం మే ఇది!" అంది ఆ తోడికోడలు నా వైపు చూసి. పెద్దవాళ్ళు పెట్టింది వద్దనడం మా వైపు చిన్న తప్పు కాదు. పంక్తి అంతా చేతులు ఆపి చూసింది.

"పెంపకాన్ని ఏమనొద్దు" అంది వదిన గోడ దగ్గర నుంచి. "నేను రాపిచ్చింది సదివి, నా మాట విన్నది ఈ పంక్తిలో అదొక్కతే. మీరెవరన్నా సదివినారా? చేతిలో పడితే నోట్లో ఏసుకుంటిరి."

వాళ్ళ విస్తట్లో పొడి అప్పటికే సగం అయిపోయింది.

పాప లేచి వదిన దగ్గరికి పోయింది. "అవ్వా, నువ్వు కలిపి పెట్టు."

"నేను వద్దు నాయనా."

"చెయ్యి కడుక్కో. సోపుతో. నేను చూస్తా."

వదిన ఆనుకున్న గోడను వదిలింది. తర్వాత పెరట్లోకి పోయింది. పాప వెనకాలే పోయింది. మా వదినకు చెయ్యి కడగడం ఎట్లాగో ఒకరు దగ్గరుండి చెప్పడం నేను మొదటిసారి విన్నాను. గోళ్ళ సందుల్లో అంటోంది, ఇంకోసారి అంటోంది. వదిన కిక్కురుమనకుండా చేస్తోంది. తిరిగి వచ్చి కూర్చున్నాక పాప ఆ చెయ్యి పట్టుకుని వాసన చూసి, సరే అన్నట్టు తలూపింది. నా కోడలు కొత్త గిన్నెలోంచి అన్నం వడ్డించింది. వదిన పప్పు, నెయ్యి వేసి కలిపింది. ముద్ద ఎత్తి పాప నోటి ముందు ఆపింది. పాప ముందుకు వంగి నోరు తెరిచింది.

మేమంతా పాప మొహాన్నే చూస్తూ కూర్చున్నాము. ఏమీ కాలేదు. "ఉప్పు తక్కువైంది అవ్వా" అంది, అంతే.

ఇది రాస్తున్నానని చెబితే వదిన ఒకటే షరతు పెట్టింది. తన పేరు వేయకూడదు, వేస్తే పొడి అమ్ముకోవడానికి రాయించిందంటారు అని. కాబట్టి పేరు లేదు. అది పైవాడికి తెలుసు, చాలు. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఎప్పుడైనా ఎవరి బిడ్డకో ముద్ద కలపబోతూ, పొడిగానే ఉంది కదా అని చెయ్యి కొంగుకు తుడుచుకోబోయినప్పుడు, ఎమ్మిగనూరులో ఉన్న మా వదినను ఒక్కసారి తలచుకోండి. తలచుకుని, లేచి వెళ్ళి కడుక్కుని రండి.